పాలు పొంగించిన చేతికి పట్టా ఏదీ?

గృహప్రవేశం ముహూర్తం ఎక్కువగా తెల్లవారుజామునే పెడతారు. గుమ్మానికి మామిడాకులు కట్టి, గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంచుతారు. దేవుడి పటం పట్టుకుని కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచేది ఇల్లాలు. కొత్త పొయ్యి మీద కొత్త గిన్నెలో పాలు పొంగించేదీ ఆమే. పొంగు ఏ వైపు ఒలుకుతుందో చూడటానికి ముత్తయిదువలంతా చుట్టూ చేరతారు. గేటు పక్కన గోడలో నల్లరాతి పలక ఉంటుంది. దాని మీద ‘లక్ష్మీ నిలయం’ అనో ‘మాతృశ్రీ’ అనో బంగారు రంగు అక్షరాలు చెక్కి ఉంటాయి. ఇంటి దస్తావేజు మాత్రం బీరువా లాకర్లో ఉంటుంది. కొన్నవారు అన్న చోట ఎవరి పేరుందో ఆ ఇల్లాలు చదివి చూసిన సందర్భాలు తక్కువ.

నిన్ను నువ్వు ప్రేమించుకో అనే మాట ఈ మధ్య ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ఫోను తెరిస్తే అదే, కౌన్సెలర్లు చెప్పేదీ అదే. రోజుకో గంట నీ కోసం ఉంచుకో, అద్దంలో చూసుకుని నీతో నువ్వు మంచిగా మాట్లాడుకో అంటున్నారు. మంచి మాటే. తరతరాలుగా ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తిన్న ఆడవాళ్లకు ఆ మాట చెప్పాల్సిందే. కానీ ఆ గంట ఎక్కడ కూర్చుని గడపాలి? తలుపు వేసుకుంటే ఎందుకు వేసుకున్నావని అడగని గది ఎవరికుంది? ఇష్టం లేని ఇంట్లోంచి బయటికొచ్చిన రాత్రి ఏ గుమ్మం ఎక్కాలి? తెలుగులో ఆడవాళ్లు రాసిన మంచి కథలు, ఆత్మకథలు ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగాయి. ఆత్మగౌరవాన్నీ ఇంటినీ వాళ్లు విడదీసి చూడలేదు. వాళ్లు చూసిందే సరైనదని నా నమ్మకం.

ఇల్లలుకుతూ పేరు మరచి

ఇల్లలుకుతూ పేరు మరిచిపోయిన ఈగ కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. పేదరాసి పెద్దమ్మ దగ్గర్నుంచి గుర్రం కడుపులోని పిల్ల దాకా కనపడిన ప్రతివారినీ తన పేరేమిటని ఆ ఈగ అడుగుతూ పోతుంది. పి.సత్యవతి ఈ కథను పట్టుకుని ‘ఇల్లలకగానే’ రాశారు. గుంటూరు జిల్లా కొలకలూరులో పుట్టి, విజయవాడలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన రచయిత్రి ఆమె. కథలో చదువుకున్న ఒక అమ్మాయి పెళ్లయి కొత్తింటికి వస్తుంది. ఈ ఇల్లు నీదేనని భర్త అంటాడు. ఆ మాటకు పొంగిపోయి ఆమె ఇల్లు అలుకుతుంది, ముగ్గులు పెడుతుంది, గచ్చు అద్దంలా తుడుస్తుంది. మెచ్చుకున్నకొద్దీ ఇంకా తుడుస్తుంది. ఏళ్లు గడిచాక ఒకరోజు తన పేరేమిటో గుర్తు రాదు. పిల్లలకు ఆమె అమ్మ, పనిమనిషికి అమ్మగారు, ఇరుగుపొరుగుకు ఫలానా ఆయన భార్య. ఎవరినడిగినా ఇంకో పిలుపు చెబుతారే తప్ప పేరు చెప్పరు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ఎదురుపడి శారదా అని పిలుస్తుంది. తరగతిలో ఆమె ఎలా చదివేదో, ఏమేం చేసేదో గుర్తు చేస్తుంది.

మూడు దశాబ్దాలు దాటినా ఈ కథను పాఠకులు తలుచుకుంటున్నారు. ఎక్కువమంది పేరు దొరికిన ఘట్టం దగ్గర ఆగిపోతారు. నన్ను పట్టుకునేది అంతకు ముందరి వెతుకులాట. ఆమె తన సర్టిఫికెట్ల కోసం వెతుకుతుంది, వాటి మీద పేరుంటుంది కదా అని. అత్తింట్లో అవి లేవు. పుట్టింటికి వెళ్తే అక్కడా వెంటనే చేతికి రావు. చదివి సంపాదించుకున్న కాగితం ఎక్కడుందో ఎవరికీ పట్టని రెండు ఇళ్ల మధ్య ఆ మనిషి నిలబడి ఉంది. ఇంటిని అంతగా ప్రేమించిన మనిషికి ఆ ఇంట్లో ఒక్క కాగితం దాచుకునే చోటు లేకపోవడం మామూలు విషయంగా చెల్లిపోయింది.

నిర్జన వారధి

కథల్లోంచి జీవితంలోకి వస్తే కొండపల్లి కోటేశ్వరమ్మ దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లలేం. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియకముందే పెళ్లి, ఊహ తెలిసేలోపే వైధవ్యం. అయినా అమ్మ ఆమెను ఇంట్లో మూల కూర్చోబెట్టలేదు, బడికి పంపింది. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో వివాహం జరిగింది. ఆ రోజుల్లో వితంతువు మళ్లీ పెళ్లాడటమంటే ఊరితో తగువు పెట్టుకోవడమే. కమ్యూనిస్టు పార్టీ కోసం పాటలు పాడారు, సభలకు తిరిగారు. నిర్బంధం వచ్చినప్పుడు అజ్ఞాతంలోకి వెళ్లారు. రహస్య స్థావరాలను ఇల్లులా నడపడం అప్పట్లో ఆడవాళ్ల పని. కొత్త ఊళ్లో, కొత్త పేరుతో, పక్కింటివాళ్లకు అనుమానం రాకుండా సంసారం చేస్తున్నట్టు కనపడాలి. ఎప్పుడు మూట కట్టాల్సి వస్తుందో తెలియదు. ఇన్ని ఇళ్లు నడిపిన మనిషికి ఆ తర్వాత భర్త దూరమయ్యాడు.

ఇద్దరు బిడ్డల తల్లి. చేతిలో డబ్బు లేదు, డిగ్రీ లేదు. అప్పుడామె హైదరాబాద్ వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరి చదువుకున్నారు. ముప్పై ఐదు దాటిన వయసులో పలకా పుస్తకం పట్టినంత పని. తర్వాత కాకినాడలో ఆడపిల్లల హాస్టల్‌కు మేట్రన్‌గా ఏళ్ల తరబడి పనిచేశారు. అంటే తన ఇల్లు చెదిరిన మనిషి ఊరూరి నుంచి వచ్చిన అమ్మాయిలకు ఇంటిపట్టు అయ్యారు. ఉద్యమంలోకి వెళ్లిన కొడుకు తిరిగి రాలేదు. డాక్టరైన కూతురూ పోయింది. ఆ దుఃఖాన్ని కూడా ఆమె మోశారు. దశాబ్దాల తర్వాత వృద్ధాప్యంలో ఉన్న భర్త చూడాలని కబురు పెడితే ఆమె ఉన్నపళంగా కదల్లేదు. ఎందుకు వెళ్లాలి అని తనను తాను అడిగారు. ఆ ప్రశ్న అడగగలగడానికి కారణం ఆ నాటికి ఆమెకు తన సంపాదన, తన స్నేహితులు, తన రోజు ఉండటమే.

ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది. అప్పటికి ఆమెకు తొంభై నాలుగేళ్లు. పుస్తకంలో ఎక్కడా జాలి అడగరు, ఎవరినీ దుమ్మెత్తిపోయరు. హైదరాబాద్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో ఉన్న కాలంలో కూడా ఆమెను చూడటానికి వచ్చేవాళ్లకు కొదవ లేదు. 2018 సెప్టెంబర్‌లో, వందేళ్లు నిండిన కొద్ది రోజులకు విశాఖపట్నంలో కన్నుమూశారు. అదే సి.ఆర్. ఫౌండేషన్‌లో అబ్బూరి ఛాయాదేవి కూడా చివరి సంవత్సరాలు గడిపారు. భర్త పోయిన తర్వాత పిల్లల పంచన చేరకుండా తన బతుకు తాను బతకాలనుకున్న తల్లి కథ ‘తన మార్గం’ రాసింది ఆవిడే. ఆ సంపుటికి 2005లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆశ్రమంలో చేర్చడమంటే అమ్మను వదిలించుకోవడమే అనుకునే మన సమాజంలో, ఈ ఇద్దరు పెద్దవాళ్లు అక్కడ తలెత్తుకుని బతికారు. వాళ్ల గదికి ఎవరైనా వస్తే అడిగే లోపలికి రావాల్సి ఉండేది.

కోటేశ్వరమ్మను నిలబెట్టిన ఆంధ్ర మహిళా సభ గురించి ఒక మాట. దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో దాన్ని మొదలుపెట్టారు. ఆమెకూ చిన్నతనంలోనే పెళ్లి చేశారు. ఆ పెళ్లిని కాదనుకుని బయటికొచ్చిన మనిషి ఆమె. అంతకు ముందే, 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులో శారదా నికేతనం పెట్టారు. వితంతువులు, దిక్కులేని ఆడపిల్లలు అక్కడ చదువుకున్నారు, చేతిపని నేర్చుకున్నారు. ఒక పూట అన్నం పెట్టి పంపే సత్రాలు అంతకు ముందూ ఉన్నాయి. ఇవి అలాంటివి కావు. నువ్వు ఇక్కడ ఉండొచ్చు, చదువుకోవచ్చు, వెళ్లేటప్పుడు నీ కాళ్ల మీద నువ్వు నడిచి వెళ్లొచ్చు అన్నాయి.

టులెట్ బోర్డు కింద

ఈనాటి శారదా నికేతనాలు అమీర్‌పేటలో, ఎస్.ఆర్.నగర్‌లో, మాదాపూర్‌లో ఉన్నాయని చెప్పాలనిపిస్తుంది, కానీ చెప్పలేను. అక్కడివి లేడీస్ హాస్టళ్లు. గదికి మూడో నాలుగో మంచాలు. మంచం కింద సూట్‌కేసు, గోడకు ఒక ఇనుప బీరువాలో వాటా, చార్జింగ్ పెట్టుకోవడానికి అందరికీ కలిపి రెండు ప్లగ్గులు. స్నానాల గది బయట వరసగా ప్లాస్టిక్ బకెట్లు, వాటి మీద నల్ల మార్కర్‌తో రాసుకున్న పేర్లు: శ్రావణి, పర్వీన్, మౌనిక. నెల కిరాయి కట్టి తలదాచుకున్న ఆ గదిలో వాళ్ల పేరున్న వస్తువు ఆ బకెట్టే. అయినా ఆ అమ్మాయిలతో మాట్లాడితే ఒక సంగతి తెలుస్తుంది. జీతం పడిన రోజు తనకిష్టమైన కూర తెచ్చుకుని, ఎవరికీ వడ్డించకుండా తినడంలోని తృప్తి వాళ్లు ఇంటి దగ్గర ఎరగరు. సొంతం అనే మాటకు మొదటి మెట్టు అదే కావచ్చు.

హాస్టల్ వదిలి చిన్న పోర్షన్ తీసుకుందామంటే టులెట్ బోర్డు కింద అసలు పరీక్ష మొదలవుతుంది. ఫ్యామిలీకే ఇస్తామంటారు. ఒక్కదానివే ఎందుకుంటున్నావు? ఎవరెవరు వస్తుంటారు? రాత్రి ఎన్నింటికి వస్తావు? విడాకులైందని చెబితే గొంతు మారుతుంది. పేరు వినగానే ముస్లిం అని తెలిస్తే, నిన్ననే ఇచ్చేశామన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. కులం తెలుసుకోవడానికి ఏం వండుకుంటారని అడుగుతారు. కిరాయి ముందే కడతామన్నా, ప్రభుత్వ ఉద్యోగమున్నా ఈ ప్రశ్నలు తప్పవు. ఇల్లు మనదే కావచ్చు. కానీ ఒక మనిషికి నీడ దొరకకుండా చేసే అధికారం మనదని అనుకోవడం తప్పు. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట.

వాడ కూడా ఇల్లే

ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న వేయాల్సిందే. నాలుగు గోడల్లో బందీ అయిన స్త్రీ, తనకంటూ ఒక గది కావాలన్న స్త్రీ ఎవరు? దళిత రచయిత్రులు ఈ ప్రశ్న వేశారు. పొలంలో, వీధిలో, ఊరి చావడి దగ్గర బతుకంతా పనిచేసిన తల్లికి గోడల మధ్య బందీ అయ్యే తీరికెక్కడిది? ఆమెకు మూసుకున్నది ఇంటి తలుపు కాదు, ఊరే. జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు, గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు ఈశ్వరుడికి చెప్పుకోవడానికి గుడిలోనే వేలాడే గబ్బిలాన్ని పంపాడు. గబ్బిలానికున్న చోటు మనిషికి లేదు.

గోగు శ్యామల కథలు ఆ చోటును లోపలినుంచి చూపిస్తాయి. తాండూరు ప్రాంతపు మాటతో, ‘ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయం’ అనే సామెతను పేరుగా పెట్టుకున్న కథతో, మాదిగవాడను ఆమె జాలి కోసం చూపలేదు. అక్కడ చెరువుంది, పశువులున్నాయి, డప్పుంది, పంట ఎప్పుడు చేతికొస్తుందో చెప్పగల పెద్దమ్మలున్నారు. బిడ్డ తప్పిపోతే వాడంతా వెతుకుతుంది. దళిత స్త్రీల రచనలను ఆమె ఒకచోట చేర్చిన ‘నల్లపొద్దు’ 2003లో, జూపాక సుభద్రతో కలిసి తెచ్చిన ‘నల్లరేగటి సాల్లు’ 2006లో వచ్చాయి. ఇవి చదివాక, తనను తాను ప్రేమించుకోవడమనేది ఒంటరిగా చేసే పని అని అనుకోలేం. నా వాళ్లు, నా వాడ, నా తల్లి భాష తక్కువవి కావని చెప్పుకోవడం కూడా అదే. ఆ మాట ముందు చెప్పుకుంటేగానీ తనను తాను గౌరవించుకోవడం మొదలే కాదు చాలామందికి.

వాటా అడిగిన రేవతి

ఓల్గా ‘విముక్త’లో శూర్పణఖ ఉంటుంది. ముక్కూ చెవులూ పోయాక తన ముఖాన్ని తాను మళ్లీ ప్రేమించడం నేర్చుకుని, తోట పెంచుకుని బతికే శూర్పణఖ. సీత ఆమెను కలుస్తుంది. ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఎ.రేవతి గుర్తొస్తుంది. ఆమె తమిళనాడులోని నామక్కల్ ప్రాంతంలో మగపిల్లవాడిగా పుట్టి, స్త్రీగా బతకడానికి ఇల్లు విడిచిన మనిషి. ఆమె ఆత్మకథ ఇంగ్లిష్‌లో 2010లో వచ్చింది. తెలుగులోకి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెచ్చింది, ఇల్లలుకుతూ పేరు మరచిన శారదను సృష్టించిన పి.సత్యవతే. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దక్కింది.

ఆ పుస్తకంలో రేవతి ఇంటికి వెళ్లడం, మళ్లీ వెళ్లిపోవడం ఎన్నిసార్లో. వెళ్లినప్పుడు అన్నలు కొట్టారు, క్రికెట్ బ్యాట్‌తో కూడా. ప్రేమగా పెంచుకున్న జుట్టు తీయించారు. పారిపోయి ఢిల్లీ చేరితే అక్కడ గురువు, చేలాలు, అక్కాచెల్లెళ్లు ఉన్న హిజ్రా ఇల్లు అక్కున చేర్చుకుంది. ఆ ఇంట్లో ప్రేమ ఉంది, కట్టుబాట్లూ ఉన్నాయి. అయినా కన్నవాళ్ల ఊరి మీద మమకారం చావదు. వీధిలో దెబ్బలు తింటూ సంపాదించిన డబ్బు ఇంటికి పంపింది. చివరికి ఆస్తిలో తన వాటా అడిగింది. కొట్టిన చోటికే మళ్లీ ఎందుకు వెళ్తావని చదివేవాళ్లకు కోపం వస్తుంది. నాకూ వచ్చింది. పుస్తకం పూర్తయ్యాక ఆమె పట్టుదల అర్థమైంది. ఆ ఇల్లు నాది కూడా అన్న మాట ఆమె వదులుకోలేదు. తన పేరు రేవతి అని లైసెన్సు మీద రాయించుకోవడానికి కూడా పోరాడింది.

హిజ్రాల విషయంలో మన గడ్డ చరిత్ర చెప్పుకోదగ్గది కాదు. నిజాం కాలంలో, 1919లో తెచ్చిన చట్టం ప్రకారం హైదరాబాద్‌లో అనుమానితులనుకున్న హిజ్రాల పేర్లు, నివాసాలు రిజిస్టరులో నమోదు చేసేవారు. అంటే ప్రభుత్వానికి వాళ్ల చిరునామాతో ఉన్న అవసరం నిఘా కోసమే. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును వాళ్ల హక్కుగా చెప్పిన తర్వాత కూడా ఆ పాత చట్టం కాగితం మీద ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూరేళ్లు పైన పట్టింది.

చీర పెట్టి సంతకం

ఇక మన ఇళ్లకు వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం హిందూ కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. అంతకు ముందే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు మాత్రం వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005 సెప్టెంబర్ 9న వచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదు, పుట్టుకతోనే కూతురికి హక్కు అని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఇంతకంటే స్పష్టంగా చెప్పలేదు.

ఏ ఊళ్లోనైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఒక పూట నిలబడి చూడండి. జిరాక్స్ షాపుల మధ్య దస్తావేజు లేఖరి బల్ల ముందు పట్టుచీర కట్టుకున్న ఒక అక్కో చెల్లెలో కూర్చుని ఉంటుంది. పక్కన అన్నదమ్ములు. హక్కు విడుదల పత్రం చదివి వినిపిస్తారు. నా పసుపు కుంకుమల కింద నాకు ముట్టింది, ఇక నాకు ఏ హక్కూ లేదు అన్న అర్థం వచ్చే వాక్యం అందులో ఉంటుంది. లోపలికి పిలుస్తారు. వెబ్ కెమెరా ముందు ఫొటో, మెషీన్ మీద వేలు. ఒకసారి నేను చూసిన ఒక పెద్దావిడ వేలి గీతలు చాకిరీతో అరిగిపోయి మెషీన్‌కు అందలేదు. గుమస్తా గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించాడు. నాలుగోసారికి పడింది. బయటికొచ్చాక తమ్ముడు చీర, జాకెట్టు గుడ్డ ఉన్న సంచి చేతికిచ్చాడు. ఆవిడ కళ్లకద్దుకుంది.

ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతం అవసరం లేదు. వాటా అడిగితే సంక్రాంతికి పిలుపు ఉండదని ఆమెకు తెలుసు. పిల్ల పెళ్లికి మేనమామ రాడు, పురిటికి వెళ్లడానికి ఇల్లు ఉండదు. పుట్టింటి గుమ్మం తెరిచి ఉండాలంటే ఆ ఇంట్లో తనకేమీ లేదని సంతకం పెట్టాలి. ఆడపిల్ల మనసులో పుట్టింటి మీద ఉన్న ప్రేమకు మనం కట్టిన ధర ఇది. అత్తింట్లో ఎంత చాకిరీ చేసినా అక్కడి కాగితాల్లోనూ ఆమె లేదు. గృహహింస చట్టం 2006 అక్టోబర్ నుంచి ఆమెకు కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది. అది ఉండే హక్కు, యజమాని హక్కు కాదు. విచిత్రమేమిటంటే, మన రెండు రాష్ట్రాల్లో పేదలకిచ్చే ఇళ్ల పట్టాలు చాలాకాలంగా ఆడవాళ్ల పేరిటే ఇస్తున్నారు. కాలనీలో రేకుల ఇంటికి యజమానురాలైన మనిషి, పక్కవీధి అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఇంటి ఇల్లాలి కంటే ఈ ఒక్క విషయంలో ముందుంది.

నన్ను నేను ప్రేమించుకుంటున్నానని ఒక మనిషి అనగలగాలంటే, నా వాటా నాకు కావాలి అన్న మాట సిగ్గుపడకుండా అనగలగాలి. ఆ మాట అడిగిన ఆడపిల్లను ఆశపోతు అని, పుట్టింటి పరువు తీసిందని అనే నోళ్లు మూతపడాలి. ఇప్పుడు ఆ నిందలు వేసేది మనమే, మన ఇళ్లల్లోనే.

ఈ ఆదివారం బీరువా తెరిచి ఇంటి దస్తావేజు బయటికి తీయండి. మీ ఇల్లాలికి చదివి వినిపించండి. ఆమె పేరు లేకపోతే చేర్చడానికి ఏం చేయాలో సోమవారం కనుక్కోండి. అక్కచెల్లెళ్లతో విడుదల పత్రం రాయించుకునే ఆలోచన ఉంటే మానుకోండి. వాటా తీసుకున్న చెల్లెల్ని కూడా పండక్కి పిలవండి. మీకు అద్దెకిచ్చే గది ఉంటే, ఒంటరిగా వచ్చిన అమ్మాయిని కిరాయి ఎంతో చెప్పి తాళం చేతికివ్వండి. ఈ రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలియని స్థితిలో ఈ కథనం చదువుతున్న సోదరి ఎవరైనా ఉంటే, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమ్మా. జిల్లాల్లో ఉన్న సఖి కేంద్రాలు తాత్కాలికంగా ఉండటానికి చోటిస్తాయి. న్యాయ సహాయం, వైద్య సహాయం అందేలా చూస్తారు. డబ్బు తీసుకోరు.